మజ్‌గావ్‌లో మళ్లీ పుట్టిన ఆకారం

కామాటిపురా గల్లీలు దాటి నాగ్‌పాడా, బైకుల్లా మీదుగా తూర్పుకు రెండు మూడు కిలోమీటర్లు వెళితే మజ్‌గావ్ డాక్ ప్రహరీ వస్తుంది. 1774లో ఒక చిన్న డ్రై డాక్‌తో అక్కడ ఓడల పని మొదలైంది. ఇప్పుడు అదే చోట జలాంతర్గాములు తయారవుతున్నాయి. 2017 డిసెంబరు 14న ముంబయిలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కల్వరి ఆ గోడ వెనక పుట్టిందే. దాని వెనకే ఖండేరి, కరంజ్, వేలా, వగీర్ వచ్చాయి. 2025 జనవరి 15న వగ్షీర్ చేరడంతో ఆరూ పూర్తయ్యాయి.

ఈ ఆరు పేర్లూ పాతవే. యాభై ఏళ్ల కిందట సోవియట్ యూనియన్ నుంచి కొని తెచ్చి, విశాఖపట్నం స్థావరంగా నడిపిన జలాంతర్గాములకు పెట్టిన పేర్లవి. అంటే తెలుగు తీరంలో మొదలైన వంశం, తెలుగువాళ్లు తరతరాలుగా బతుకుతున్న బొంబాయి పేట పక్కన కొనసాగుతోంది. నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుంచి వలస వచ్చి ఈ ఊరి రోడ్లూ గోడలూ కట్టిన కామాటీల గురించి మన ఇళ్లలో కథలుగా చెప్పుకుంటాం. మిల్లుల్లో మగ్గాలు నడిపిన తాతల గురించీ చెప్పుకుంటాం. కూతవేటు దూరంలో తయారయ్యే ఈ యంత్రం ఎలా మునుగుతుందో, ఎలా తేలుతుందో, దాని ఆకారం ఎక్కడి నుంచి వచ్చిందో మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. ఆ కథలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. 1897లో ఒక బడిపంతులు తేల్చిన ఆకారాన్ని ప్రపంచ నౌకాదళాలు యాభై ఏళ్లపాటు పక్కన పెట్టి, మళ్లీ దాని దగ్గరికే వచ్చాయి.

ఆయన కంటే ముందు ఒక విఫల ప్రయత్నం గురించి చెప్పుకోవాలి. స్వీడన్ ఆయుధ వ్యాపారి థార్‌స్టెన్ నోర్డెన్‌ఫెల్ట్, ఇంగ్లండ్‌కు చెందిన మతాచార్యుడు జార్జ్ గారెట్ కలిసి 1880లలో ఆవిరితో నడిచే జలాంతర్గామిని తయారు చేశారు. 1886లో గ్రీసు ఒకటి కొంది. గ్రీసు కొంటే టర్కీ ఊరుకుంటుందా? రెండు కొంది. రష్యాకు బయలుదేరిన మరొకటి 1888లో జట్లాండ్ తీరంలో ఇసుక మేటలో చిక్కుకుని ఆగిపోయింది. ఇన్ని దేశాలు మోజు పడ్డా ఆ పడవ యుద్ధానికి పనికి రాలేదు. మునిగే ముందు కొలిమి ఆర్పాలి. బాయిలర్లో నిలవ ఉన్న వేడితోనే నీటి కింద కాసేపు నడవాలి. లోపల మనుషులు ఉడికిపోయేవారు. అంతకంటే పెద్ద లోపం మునగడానికి నీరు నింపే ట్యాంకుల్లో ఉంది. సగం నిండిన పెద్ద ట్యాంకు ఉన్న పడవ ముక్కు కాస్త కిందికి వంగిందంటే ఆ నీరంతా ముందుకు పరిగెడుతుంది. ముక్కు బరువెక్కి ఇంకా వంగుతుంది, నీరు ఇంకా ముందుకొస్తుంది. ఈ గొలుసును ఆపడం నడిపేవాడి తరం కాదు. నోర్డెన్‌ఫెల్ట్ పడవ నీటి కింద స్థిరంగా ఒక్క లోతులో నిలిచింది లేదు.

జాన్ ఫిలిప్ హాలండ్ ఐర్లండ్‌లో క్లేర్ ప్రాంతంలో 1841లో పుట్టాడు. బడిలో పాఠాలు చెప్పి బతికాడు, 1873లో అమెరికా వలస వెళ్లాడు. నోర్డెన్‌ఫెల్ట్ పడవలు ఎక్కడ తప్పాయో సరిగ్గా అక్కడే ఈయన సరిచేశాడు. ప్రధాన బల్లాస్ట్ ట్యాంకులు నిండితే పూర్తిగా నిండాలి, లేకపోతే పూర్తిగా ఖాళీగా ఉండాలి, అప్పుడు నీరు అటూ ఇటూ ఊగదు. టార్పెడో వదిలితే తగ్గిన బరువుకు సరిసమానంగా నీటిని లోపలికి తీసుకోవాలి, అప్పుడు పడవ గరిమనాభి కదలదు. మునగడానికి బరువు మీదే ఆధారపడకూడదు. పడవ నీటికంటే రవ్వంత తేలికగానే ఉండి, ముందుకు వెళుతూ అడ్డ చుక్కానులతో ముక్కు వంచి లోతుకు దిగాలి. యంత్రం ఆగిపోతే దానంతటదే పైకి తేలుతుంది. ఈ చివరి సంగతిలో హాలండ్‌కు మనిషి ప్రాణం మీద ఉన్న శ్రద్ధ కనిపిస్తుంది.

ఆయన ఆరో పడవ 1897 మే 17న నీటిలోకి దిగింది. పొడవు 16 మీటర్లకు కాస్త ఎక్కువ, సిబ్బంది ఆరుగురు, టార్పెడో గొట్టం ఒకటి. నీటి పైన 45 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను. నీటి కింద విద్యుత్ మోటారు, దానికి 66 బ్యాటరీ సెల్‌లు. పైన ఉన్నప్పుడు ఇంజనే ఆ బ్యాటరీలను చార్జ్ చేస్తుంది. ఇంజనుకు గాలి కావాలి, మోటారుకు అక్కర్లేదు. ఈ రెంటినీ ఒకే ఇరుసుకు కలపడమే జలాంతర్గామిని ఆటబొమ్మ స్థాయి నుంచి ఆయుధంగా మార్చింది. అమెరికా నౌకాదళం 1900 ఏప్రిల్ 11న దాన్ని లక్షా 50 వేల డాలర్లకు కొంది. బ్రిటన్ ఐదింటికి హక్కులు తీసుకుంది. మొదటిది 1901 అక్టోబరు 2న బారోలోని వికర్స్ యార్డులో జలప్రవేశం చేసింది. జపాన్ రష్యాతో యుద్ధం చేస్తూనే ఐదు తెప్పించుకుంది. రష్యా, నెదర్లాండ్స్ కూడా ఇదే బాట పట్టాయి. పదేళ్లు తిరక్కుండానే ఒక బడిపంతులి గీత ఇన్ని జెండాల కింద ఈదింది.

పెట్రోలుతో ప్రమాదం ఉండేది. ఇరుకు గదిలో ఆవిరి పేరుకుంటే నిప్పురవ్వ చాలు. విషవాయువును ముందుగా పసిగట్టడానికి తొలి బ్రిటిష్ పడవల్లో తెల్ల ఎలుకలను పెట్టుకునేవారు. కొన్నేళ్లలోనే డీజిల్ వచ్చి పెట్రోలును తప్పించింది. ఇంజను, బ్యాటరీ, మోటారు అనే అమరిక మాత్రం అలాగే ఉంది. హాలండ్ 1914 ఆగస్టు 12న చనిపోయాడు. నలభై ఒక్క రోజులకు, సెప్టెంబరు 22న, జర్మన్ జలాంతర్గామి యూ-9 ఒక్కటే ఉత్తర సముద్రంలో మూడు బ్రిటిష్ క్రూజర్లను ముంచింది. 1,400 మందికి పైగా చనిపోయారు. మద్రాసు మీద జర్మన్ యుద్ధనౌక ఎండెన్ గుళ్లు కురిపించింది కూడా అదే రోజు రాత్రి. ఆ దాడితో తీరం వెంట ఊళ్లన్నీ భయపడ్డాయి. ఎండెన్ మాత్రం నీటి మీద తిరిగే ఓడ, జలాంతర్గామి కాదు.

ఇక ఆకారం సంగతి. హాలండ్ పడవ కండె ఆకారంలో ఉండేది. మధ్యలో బొద్దుగా, చివర్లు సన్నగా, వెనక ఒకే ఒక్క ప్రొపెల్లర్. నీటి కింద ఈదడానికి ఇంతకంటే మంచి ఒళ్లు లేదు. అయితే అప్పటి బ్యాటరీలు గంటల్లో ఖాళీ అయ్యేవి. ఎక్కువ కాలం నీటి పైనే నడవాలి. పైన నడవాలంటే అలలను చీల్చే ఓడ ముక్కు కావాలి, నిలబడటానికి చదునైన డెక్ కావాలి, దాని మీద ఫిరంగి కావాలి. అందుకే మొదటి ప్రపంచ యుద్ధం నాటికీ రెండో ప్రపంచ యుద్ధం నాటికీ జలాంతర్గాములు మునగగల ఓడల్లా తయారయ్యాయి. ఆకాశంలోకి రాడార్ ఉన్న విమానం వచ్చాక పైకి తేలడమే ప్రాణాపాయమైంది. జర్మనీ 1944-45లో టైప్ 21 అనే జలాంతర్గామిని తెచ్చింది. బ్యాటరీలు బాగా పెంచి, డెక్ మీద ఫిరంగులు తీసేసి, ఒళ్లు నున్నగా చేస్తే అది నీటి పైకంటే నీటి కింద వేగంగా వెళ్లింది. యుద్ధం ముగిశాక సోవియట్, అమెరికా, బ్రిటన్ ఇంజనీర్లు దాన్ని ముక్కముక్కగా విప్పి చూశారు.

ఆ చదువు నుంచే సోవియట్ ప్రాజెక్ట్ 641 పుట్టింది. నాటో దేశాలు దానికి పెట్టిన పేరు ఫాక్స్‌ట్రాట్. 1957లో మొదలై, లెనిన్‌గ్రాడ్‌లో మొత్తం 75 తయారయ్యాయి. సోవియట్ నౌకాదళానికి 58, మనకు 8, లిబియాకు 6, క్యూబాకు 3. పోలండ్ రెండింటిని అద్దెకు తీసుకుంది. మన నౌకాదళంలో జలాంతర్గామి విభాగం పుట్టింది వీటితోనే. 1967 డిసెంబరు 8న రిగా రేవులో మొదటి కల్వరి మన జెండా ఎగరేసింది. ఏటా ఆ రోజును జలాంతర్గామి దినంగా జరుపుకుంటారు. సూయజ్ కాలువ మూసి ఉండటంతో ఆ కల్వరి ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి 1968లో విశాఖ చేరింది.

వాటిలో నాలుగోది కుర్సురా. 1969 డిసెంబరు 18న చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. ఇప్పుడు విశాఖ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉంది. పొడవు 91.3 మీటర్లు. లోపల ఏడు అరలు, అరకూ అరకూ మధ్య గుండ్రటి కన్నం, నడుం వంచి కాలు ముందు పెట్టి దూరాలి. ముక్కులో ఆరు, తోకలో నాలుగు టార్పెడో గొట్టాలు, మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. మూడు డీజిల్ ఇంజన్లు, మూడు ప్రొపెల్లర్లు. నేల పలకల కింద నాలుగు బృందాలుగా 448 బ్యాటరీ సెల్‌లు. వీటన్నిటి మధ్య 75 మంది మనుషులు. టార్పెడోల పక్కనే పడకలు, అవి కూడా అందరికీ సరిపడా లేవు, డ్యూటీ ఎక్కినవాడి పడకలో డ్యూటీ దిగినవాడు పడుకునేవాడు. మిల్లులు మూడు షిఫ్టులు నడిచిన రోజుల్లో మన చాళ్ల గదుల్లో ఊరి మనుషులు పడుకున్న తీరూ ఇదే. అయితే చాల్‌లో ఉక్కపోస్తే గ్యాలరీలోకి వచ్చి గాలి పీల్చుకోవచ్చు. కుర్సురాలో ఆ వీలు లేదు.

గాలి ఎంత ఖరీదో తెలియాలంటే బ్యాటరీ లెక్క చూడాలి. ఫాక్స్‌ట్రాట్ రెండు నాట్ల వేగంతో, అంటే గంటకు నాలుగు కిలోమీటర్లలోపు, మనిషి నడకంత వేగంతో వెళితే బ్యాటరీ మీద 380 నాటికల్ మైళ్లు పోతుంది. దాదాపు 8 రోజులు. తొందరపడితే? నీటి నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. బ్యాటరీ ఎనిమిదో వంతు సమయంలో ఖాళీ అవుతుంది, వెళ్లే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. నీటి కింద అత్యధిక వేగం 15 నాట్లు అని కాగితం మీద ఉంటుంది, ఆ వేగాన్ని అందుకుంటే రోజులు కాదు, గంటల్లో కథ ముగుస్తుంది. శత్రువు వెంటబడినప్పుడు కెప్టెన్ మనసులో ఆడేది ఈ లెక్కే. పారిపోతే బ్యాటరీ పోతుంది, కదలకుండా ఉంటే దొరికిపోవచ్చు.

బ్యాటరీ చార్జ్ చేయాలంటే డీజిల్ ఇంజను నడవాలి, దానికి గాలి కావాలి. అందుకని పెరిస్కోప్ లోతుకు వచ్చి స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటి పైకి ఎత్తుతారు. అల దాని తలను కప్పేస్తే కవాటం మూసుకుంటుంది. ఇంజను మాత్రం ఆగదు, పడవ లోపలి గాలినే లాగేస్తుంది. ఒక్క క్షణంలో అందరి చెవులూ దిమ్మెక్కుతాయి. చార్జింగ్‌లో సీసం బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది గాలిలో 4 శాతం దాటితే అంటుకుంటుంది. ఉప్పు నీరు బ్యాటరీ మీద పడితే క్లోరిన్ విషవాయువు. ఇంత ప్రమాదాన్ని కాళ్ల కింద పెట్టుకుని నెలల తరబడి తిరిగిన నావికులకు దక్కాల్సిన గౌరవం మన సినిమాల్లో, పత్రికల్లో దక్కలేదని నా అభిప్రాయం.

1962 అక్టోబరులో ఈ లెక్క ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు తెచ్చింది. క్యూబా వైపు వెళ్లిన నాలుగు సోవియట్ ఫాక్స్‌ట్రాట్‌లలో ఒక్కోదానిలో ఒక్కో అణు టార్పెడో ఉంది. అక్టోబరు 27న వాటిలో ఒకటైన బి-59ను అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టాయి. చలి సముద్రాల కోసం కట్టిన పడవ, వెచ్చటి నీటిలో లోపల 45 డిగ్రీలు దాటిన వేడి, బ్యాటరీ అడుగంటింది, మాస్కోతో సంబంధం లేదు. కెప్టెన్ అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడని, అదే పడవలో ఉన్న మరో అధికారి వాసిలీ అర్హిపోవ్ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. చివరికి బ్యాటరీ అయిపోయి బి-59 అమెరికా ఓడల మధ్యనే పైకి తేలింది. మనం కొన్న ఫాక్స్‌ట్రాట్‌లలో వేడి దేశాలకు తగినట్టు చల్లబరిచే ఏర్పాట్లు పెంచారు.

తెలుగు తీరానికి జలాంతర్గామి యుద్ధం రుచి 1971లో తెలిసింది. డిసెంబరు 3-4 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది, 93 మంది చనిపోయారు. అది 1944లో నీటికి దిగిన అమెరికన్ టెంచ్ రకం పడవ. టర్కీ, బ్రెజిల్, ఇటలీ, గ్రీసు కూడా ఆ రకాన్ని వాడుకున్నాయి. అరేబియా సముద్రం వైపు దెబ్బ మనకు తగిలింది. డిసెంబరు 9న దీవ్ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. హంగోర్ ఫ్రెంచ్ డాఫ్నే రకం. అదీ ఐదు దేశాల నౌకాదళాలు వాడిన రకమే. కుర్సురా ఆ యుద్ధంలో అరేబియా సముద్రంలోనే గస్తీ తిరిగింది.

కొనుక్కున్నంత కాలం ఇంకొకరి దయ మీద ఉండాలి. అందుకే 1981లో జర్మనీ సంస్థతో టైప్ 209 ఒప్పందం కుదిరింది. రెండు కీల్‌లో తయారై వచ్చాయి, రెండు మజ్‌గావ్‌లో కట్టారు. అలా 1992 ఫిబ్రవరి 7న నౌకాదళంలో చేరిన శల్కీ భారతదేశంలో తయారైన మొదటి జలాంతర్గామి. రెండోది శంకుల్, 1994లో చేరింది. టైప్ 209ను గ్రీసు, టర్కీ, పెరూ, దక్షిణ కొరియాతో సహా పదికి పైగా దేశాలు కొన్నాయి. దాన్ని గీసిన జర్మనీ నౌకాదళం మాత్రం ఒక్కటీ వాడలేదు. మన రకంలో ఒక ప్రత్యేకత ఉంది. ప్రమాదంలో సిబ్బంది అంతా ఎక్కి విడివడి పైకి తేలే గోళం ఒకటి ఒంట్లోనే అమర్చారు.

ఈ పనిలో కష్టం ఎక్కడుందో చెప్పాలి. నీటిలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 250 మీటర్ల లోతులో ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 250 టన్నుల ఒత్తిడి. అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కే ఒత్తిడిని వృత్తం బాగా ఓర్చుకుంటుంది. ఆ వృత్తం రవ్వంత కోలగా ఉన్నా ఒత్తిడంతా ఆ బలహీనమైన చోటికే చేరి ఉక్కు ముడుచుకుపోతుంది. అందుకని ఉక్కు ఉంగరాలను మిల్లీమీటర్ల తేడా రాకుండా వంచాలి, ప్రతి వెల్డింగ్ అతుకునూ ఎక్స్‌రే తీసి పరీక్షించాలి. ఇలాంటి చేతిపని పుస్తకంలో రాదు. చేసే చేయి ఖాళీగా ఉంటే పోతుంది. టైప్ 209 కొనుగోలు మీద 1987లో ముడుపుల వివాదం చెలరేగి, నాలుగింటితోనే ఆగిపోయింది. శంకుల్ తర్వాత కొత్త కల్వరి వచ్చేదాకా 23 ఏళ్లు మజ్‌గావ్ నుంచి ఒక్క కొత్త జలాంతర్గామీ నౌకాదళానికి చేరలేదు. నేర్చినవాళ్లు పదవీ విరమణ చేశారు, ఇతర పనులకు వెళ్లారు. 2005లో ఫ్రెంచ్ స్కార్పీన్ రకానికి ఒప్పందం చేసుకున్నాక దాదాపు మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టారు. డబ్బు నష్టం కంటే ఈ నష్టం పెద్దది.

కొత్త కల్వరి పొడవు 67.5 మీటర్లు, కుర్సురాకంటే చాలా పొట్టి. సిబ్బంది 43 మంది. ఒక్కోటి 750 కిలోల బరువుండే 360 బ్యాటరీ సెల్‌లు. లెక్కేస్తే 270 టన్నులు, నీటి పైన దాని మొత్తం బరువులో ఇంచుమించు ఆరో వంతు. దాని ఒళ్లు చూడండి. చదునైన డెక్ లేదు, ఓడ ముక్కు లేదు, మూడు ప్రొపెల్లర్ల బదులు వెనక ఒక్కటే. 1953లో అమెరికా ఆల్బకోర్ అనే ప్రయోగ నౌకతో నీటి కింది వేగానికి ఏ ఆకారం మంచిదో పరీక్షిస్తే, జవాబు హాలండ్ కండెకు దగ్గరగానే వచ్చింది. అప్పటి నుంచి అన్ని దేశాలూ నెమ్మదిగా ఆ దారి పట్టాయి. పోలిక చూస్తే మజ్‌గావ్ కల్వరి తనకు పేరిచ్చిన పాత కల్వరికంటే 1897 నాటి హాలండ్ పడవకే దగ్గర. స్కార్పీన్‌ను చిలీ, మలేషియా, బ్రెజిల్ కూడా వాడుతున్నాయి. ఫ్రాన్స్ తన కోసం ఒక్కటీ కట్టుకోలేదు, వాళ్లవన్నీ అణుశక్తితో నడిచేవే.

హాలండ్ పరిష్కరించలేనిది ఒక్కటి మిగిలింది. డీజిల్‌కు ఇప్పటికీ గాలి కావాలి, కల్వరీ స్నార్కెల్ ఎత్తాల్సిందే. గాలి అక్కర్లేకుండా నీటి కిందే విద్యుత్తు పుట్టించే ఇంధన ఘటాల వ్యవస్థను ముంబయికి దగ్గరలోని అంబర్‌నాథ్‌లో ఉన్న రక్షణ పరిశోధనాలయం అభివృద్ధి చేసింది. దాన్ని ఈ జలాంతర్గాముల్లో అమర్చాలన్నది ఆలోచన.

పాత ఎనిమిది పేర్లలో కుర్సురా, వాగ్లీ రెండే మజ్‌గావ్‌లో తిరిగి పెట్టనివి. మజ్‌గావ్ గోడ లోపలికి మనల్ని ఎవరూ రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కుర్సురాలోకి మాత్రం టికెట్ కొని ఎవరైనా వెళ్లొచ్చు. వేసవి సెలవులకు ఊరెళ్లే కామాటిపురా, వర్లీ కుటుంబాలు లోకమాన్య తిలక్ టెర్మినస్ నుంచి విశాఖకు నేరుగా వెళ్లే రైలెక్కి ఒకసారి పిల్లలను తీసుకెళ్లండి. అక్కడ దారి చూపేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లు ఉంటారు. టార్పెడోల దగ్గర ఫొటోలు దిగడం అయ్యాక, బ్యాటరీలు ఎక్కడ ఉండేవో, అల వచ్చి స్నార్కెల్ మూసుకుంటే చెవులు ఎలా ఉండేవో వాళ్లను అడగమని పిల్లలకు చెప్పండి.